కొన ఎండిన మామిడి



రాజపాళయం పేరు చెబితే కొందరికి అక్కడి తెల్లటి వేటకుక్కలు గుర్తొస్తాయి, మరికొందరికి నూలు మిల్లులు గుర్తొస్తాయి. ఎండాకాలంలో ఆ ఊరి బజారులో ఒక్కసారి నడిచినవాళ్ళకు మాత్రం మామిడిపండ్లే గుర్తుంటాయి. సప్పట్టై, పంచవర్ణం అనే రకాలకు ఆ ప్రాంతం పెట్టింది పేరు. రాజపాళయానికీ శ్రీవిల్లిపుత్తూరుకీ నడుమ, పడమటి కనుమల పాదాల దగ్గర మంసాపురం ఉంది. ఈ చుట్టుపక్కల రాజులు, నాయుళ్ళు, ఇంకా ఎన్నో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. బడిలో తమిళం, బజారులో తమిళం, వంటింట్లో తెలుగు. కొండ వైపు నడిస్తే కొబ్బరి తోటలు, మామిడి తోపులు, వాటి వెనక అడవి.

ఇవాళ ఆ తోపుల్లో తిరిగే ఒక చిన్న పురుగు గురించి చెబుతాను. తేనెమంచు పురుగు గురించి మామిడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పండు ఈగ సంగతీ అంతే. అవి గుంపులుగా వస్తాయి, పూతనో పండునో పాడుచేస్తాయి, డబ్బు పోయిందని వెంటనే తెలుస్తుంది. నేను చెప్పబోయేది ఒంటరిగా పనిచేసే పురుగు. ఒక చిగురుకు ఒక గుడ్డు, ఒక రెమ్మలో ఒక పురుగు. వ్యవసాయ శాఖవాళ్ళు దీన్ని కొమ్మ తొలుచు పురుగు అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు క్లూమీషియా ట్రాన్స్‌వర్సా. పేరు పొడవే గానీ పురుగు పొడవు రెండున్నర సెంటీమీటర్లు దాటదు.

మొన్న ఆడి నెలలో మా తమ్ముడి కొడుకు ఒక సంచీ నిండా ఎండిన రెమ్మలు తెచ్చి నా ముందు కుమ్మరించాడు. వాడు రెండేళ్ళ కిందట అంటుమొక్కలు పెట్టాడు. అందులో పీకేఎం 1 రకం కూడా ఉంది. అది కొండలకు అవతల, తేని జిల్లా పెరియకుళంలోని ఉద్యాన కళాశాలలో చిన్న సువర్ణరేఖనీ నీలాన్నీ కలిపి తీసిన రకం. అంటే సగం మన కోస్తా మామిడే.

"పెదనాన్నా, కొనలన్నీ మాడిపోతున్నాయి. మందుల దుకాణంలో అడిగితే తెగులుకొకటి, పురుగుకొకటి, రెండు సీసాలిచ్చాడు. రెండూ కలిపి కొట్టాను" అన్నాడు.

ఒక రెమ్మ తీసి బ్లేడుతో నిలువునా చీల్చాను. నడిమధ్యలో బాల్‌పెన్ను రీఫిల్లంత సన్నని సొరంగం, కొన నుంచి కిందికి బెత్తెడు పైనే ఉంది. గోడలు నల్లబడ్డాయి. అక్కడక్కడ పొడి పొడిగా పెంట ఉంది. పురుగు మాత్రం లేదు.

"చూశావా, మందు పనిచేసింది, పురుగు పోయింది" అన్నాడు సంతోషంగా.

"ఒరేయ్, నువ్వు మందు కలిపేటప్పటికే అది ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిందిరా" అన్నాను.

ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఆ ఖాళీ సొరంగం గురించే. ఈ పురుగు మీద ఖర్చుపెట్టే డబ్బులో చాలా భాగం అది లేనిచోట ఖర్చవుతోంది. ఎండిన కొనను చూసి మందు కొడుతున్నాం. ఎండిన కొనలో ఏమీ ఉండదు. ఎందుకుండదో తెలియాలంటే దాని బతుకు రోజులు లెక్కపెట్టాలి, అంతకంటే ముందు మామిడి చిగురు సంగతి చూడాలి.

మామిడి చెట్టు ఏడాది పొడుగునా సమంగా పెరగదు. కొన్నాళ్ళు ఊరికే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా కొనలన్నీ పగిలి కొత్త ఆకులు వేస్తుంది. ఆ ఆకులు మొదట రాగిరంగులోనో ముదురు గులాబీ రంగులోనో ఉండి, వడలిన గుడ్డలా కిందికి వేలాడుతుంటాయి. కొన్ని వారాల్లో లేతాకుపచ్చకు తిరిగి, గట్టిపడి, ముదురు పచ్చన అవుతాయి. మళ్ళీ కొన్నాళ్ళు విరామం. ముదురు చెట్టు ఏడాదికి ఒకటి రెండుసార్లే ఇలా చిగురుస్తుంది. కాయ కోసిన తర్వాత ఒకసారి, వానలు పడ్డాక ఇంకొకసారి. చిన్న మొక్క అలా కాదు. నీళ్ళు, ఎరువు అందితే ఏడాదిలో నాలుగైదుసార్లు చిగురు వేస్తుంది. ఈ తేడా మనసులో పెట్టుకోండి.

తల్లి పురుగు బూడిదరంగులో, బొద్దుగా ఉంటుంది. రెక్కలు పూర్తిగా చాపితే దాదాపు రెండు సెంటీమీటర్లు. రెక్కల మీద వంకర టింకర గీతలు. పగలు బెరడు మీద వాలి ఉంటే పక్కనే నిలబడ్డా కనిపించదు. రాత్రి తిరిగి, రాగిరంగు ఆకుల మీద విడివిడిగా గుడ్లు పెడుతుంది. ముదురు ఆకు జోలికి పోదు. గుడ్డు రెండు మూడు రోజుల్లో, చల్లగా ఉంటే వారం లోపల, పగులుతుంది.

బయటికొచ్చిన పిల్ల పురుగు నేరుగా కొమ్మలోకి దూరదు. మొదట ఆ లేత ఆకు నడిమి ఈనెలోకి దూరి ఒకటి రెండు రోజులు అక్కడే తింటుంది. అప్పుడు అది పసుపు, నారింజ రంగుల మధ్య ఉంటుంది. తర్వాత ఆకును వదిలి, కొనకు దగ్గరగా రెమ్మకు కన్నం పెట్టి లోపలికి పోతుంది. ఇక అక్కడి నుంచి తలకిందులుగా, పై నుంచి కిందికి తవ్వుకుంటూ వస్తుంది. పది పదిహేను సెంటీమీటర్ల దాకా తవ్వుతుంది. తిన్నకొద్దీ రంగు ముదిరి గులాబీగా మారుతుంది. వేసిన పెంటను కన్నంలోంచి బయటికి నెడుతుంది. ఆ కన్నం దగ్గర తడిగా, కొత్తగా పెంట కనిపిస్తే పురుగు లోపలే ఉన్నట్టు. ఎండి రాలిపోతుంటే లేనట్టు. తోటలో ఈ ఒక్క గుర్తు చాలు, భూతద్దం అక్కర్లేదు.

పిల్ల పురుగు బతుకు మొత్తం ఎనిమిది నుంచి పన్నెండు రోజులు. లోపల గుజ్జు పోయాక కొన ఆకులు ముందు వాడి వేలాడతాయి. మామిడి లేతాకు మామూలుగానే వేలాడుతుంది కాబట్టి మనం పట్టించుకోం. తర్వాత ఆకు ముడుచుకుంటుంది, నల్లబడుతుంది, చివరికి కొన ఎండిపోతుంది. నల్లబడి ఎండేనాటికి పురుగు రెమ్మలోంచి బయటికొచ్చి, కిందికి దిగి మట్టిలోనో, బెరడు నెర్రెల్లోనో, చెట్టునే ఉండిపోయిన ఎండు పూగుత్తుల్లోనో ప్యూపాగా మారిపోయి ఉంటుంది. ఆ నిద్ర రెండు వారాలకు అటూ ఇటూ. గుడ్డు నుంచి గుడ్డు దాకా సుమారు నెల. ఒక తరం ముగియకముందే ఇంకో తరం మొదలవుతుంది. అందుకే ఒకే తోటలో ఒకే రోజున గుడ్డూ పురుగూ ప్యూపా మూడూ దొరుకుతాయి.

ఇందాక మనసులో పెట్టుకోమన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. ముదురు తోపులో చిగురు ఒక్కసారి వచ్చి ఆగిపోతుంది. నెల తర్వాత లేచిన తల్లి పురుగుకు గుడ్డు పెట్టడానికి రాగిరంగు ఆకు దొరకదు. చిన్న తోటలో, అందులోనూ వారం వారం నీళ్ళిచ్చి, గుప్పెళ్ళతో యూరియా చల్లే తోటలో, ఎప్పుడూ ఏదో ఒక మొక్క చిగురు మీద ఉంటుంది. పురుగుకు ఏడాదంతా విందే. పైగా ముదురు చెట్టుకు వేల కొనలుంటాయి, యాభై పోయినా అది లెక్కపెట్టదు. రెండేళ్ళ అంటుకు ఉన్నవే ఐదారు కొనలు. ముదురు చెట్లకు ఈ పురుగు కోసం మందు కొట్టడం దండగని నా అభిప్రాయం. ఒకటే మినహాయింపు. ఇది ఒక్కోసారి పూగుత్తి కాడలోకీ దూరుతుంది. అప్పుడు కాపు మీద దెబ్బ పడుతుంది కాబట్టి చూసుకోవాలి.

కొన పోతే ఏమవుతుంది? చెట్టు చావదు. ప్రతి కొమ్మ కొసన ఉన్న మొగ్గ కింది మొగ్గల్ని అణచి ఉంచుతుంది. కొనలో పుట్టే ఒక హార్మోను కిందికి దిగి, మీరు ఆగండి అని పక్క మొగ్గలకు చెబుతుంటుంది. కొన పోగానే ఆ అదుపు పోయి నాలుగైదు మొగ్గలు ఒక్కసారిగా లేస్తాయి. రైతు కూడా కావాలనే ఈ పని చేస్తాడు. దగ్గర దగ్గరగా నాటే కొత్త పద్ధతిలో మొక్క మీటరు లోపల ఉండగానే కొన తుంచి, కొమ్మలు విడేలా చేస్తారు. అయితే పురుగు మేలే చేస్తోందిగా అని ఎవరైనా అడగొచ్చు. రైతు ఒక ఎత్తు చూసి, ఒక్కసారి తుంచి, వచ్చిన వాటిలో మూడు మంచివి ఉంచి మిగతావి తీసేస్తాడు. పురుగు ఎక్కడ పడితే అక్కడ తుంచుతుంది, వచ్చిన ఐదింటినీ నెల తర్వాత మళ్ళీ తుంచుతుంది. మొక్క ఎత్తు పెరగక, సన్నటి పుల్లల పొదలా తయారవుతుంది. అంటు అతికిన చోటు పైన ఉన్న ఒక్క కొమ్మనీ పూర్తిగా పోగొట్టుకుంటే కింది వేరుమొక్క లేస్తుంది. నాలుగేళ్ళ తర్వాత పీచు కాయలు కాస్తాయి. ఈ నష్టానికి పురుగును ఎవరూ తప్పుపట్టరు, నర్సరీవాణ్ణే తిడతారు.

ఇలాంటి పురుగు పైన్ చెట్లకు పడితే సంగతి ఇంకా తీవ్రం. కొడైకెనాల్ వెళ్ళినవాళ్ళు అక్కడి పైన్ తోపులో ఫోటోలు దిగే ఉంటారు. ఒక్కో మాను నిటారుగా లేచి ఉంటుంది. పైన్‌కు విలువంతా ఆ నిటారుతనంలోనే ఉంది. దాన్ని పెంచేది కాయ కోసం కాదు, కలప కోసం, కాగితపు గుజ్జు కోసం. ఐరోపాలో పైన్ చిగురు తొలిచే ఒక చిన్న పురుగు ఉంది. నారింజ రంగు రెక్కల మీద వెండి చారలు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దానికి ఏడాదికి ఒక్కటే తరం. ఎండాకాలంలో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు మొదట సూది లాంటి ఆకు మొదలు తిని, తర్వాత మొగ్గలోకి పోయి, జిగురుతో తడిసిన సాలెగూడు అల్లుకుని చలికాలమంతా అందులోనే గడుపుతుంది. వసంతంలో కొన సాగడం మొదలుపెట్టగానే లేచి మళ్ళీ తింటుంది. నడిమి మొగ్గ చచ్చిపోతే పక్క కొమ్మ వంగి పైకి లేచి ఆ స్థానం తీసుకుంటుంది. సగం తిన్న కొన బతికితే ముందు కిందికి వాలి, ఆ తర్వాత మళ్ళీ పైకి తిరుగుతుంది. చెట్టుకు ఇరవై ఏళ్ళు వచ్చినా ఆ వంపు మానులో అలాగే ఉంటుంది. కోత మిల్లులో దానికి ధర రాదు.

ఆ పురుగు 1914లో అమెరికాలో, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో కనిపించింది. 1985లో దక్షిణ అమెరికాలోని చిలీకి చేరింది. అక్కడ లక్షల హెక్టార్లలో కాలిఫోర్నియా నుంచి తెచ్చిన రేడియేటా పైన్ ఒక్కటే నాటి ఉంది. అంతకంటే పురుగుకు కావలసిందేముంది? చివరికి ఐరోపా నుంచే దాని శత్రువును, ఆర్గిలస్ అనే సన్నని కందిరీగ జాతిని, తెప్పించి వదిలారు. ఆ కందిరీగ పిల్ల పురుగులో గుడ్డు పెడుతుంది, లోపల పుట్టిన పిల్ల దాన్ని తినేస్తుంది.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఇంకో రకం ఉంది. అది పాండెరోసా పైన్ కొన నడిమి బెండులో తొలుస్తుంది. చాలాసార్లు కొన చావను కూడా చావదు, పొడవు మాత్రం తగ్గిపోతుంది, సూదులు పొట్టిగా గుబురుగా వస్తాయి. పెరుగుదల ఏటా కొంత కొంత పోతుంది. దూరం నుంచి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది. ఆడ పురుగు వాసనను పోలిన పదార్థాన్ని తోట మొత్తం గాలిలో నింపి, మగ పురుగులు జత దొరక్క తిరిగేలా చేసే పద్ధతిని దాని మీద ప్రయోగించి మంచి ఫలితాలు చూశారు. పత్తి రైతులకు లింగాకర్షక బుట్టలు తెలుసు కదా, ఆ విద్యే.

మనకు పైన్ తోటలు ఎక్కువ లేవు, నిజమే. కానీ ఇటీవల తమిళనాడులోనూ ఆంధ్ర, తెలంగాణల్లోనూ గట్ల మీద, పొలాల్లో మహాగని నాటుతున్నారు. పదిహేనేళ్ళలో ఇంత వస్తుందని కాగితం మీద లెక్కలు వేసి చూపిస్తున్నారు. ఆ లెక్కల్లో హిప్సిపైలా అనే పురుగు పేరు నేను ఎక్కడా చూడలేదు. మహాగని వేప కుటుంబం చెట్టు. వేప అంటే పురుగుకు భయమని మనం అనుకుంటాం. ఈ పురుగు మాత్రం ఆ కుటుంబాన్నే వెతుక్కుంటూ వస్తుంది. మొదటి కొన్నేళ్ళలో నడిమి కొన తొలిచేస్తే చెట్టు రెండు మూడు పాయలుగా చీలిపోతుంది. దక్షిణ అమెరికాలో దీని చెల్లెలి లాంటి జాతి వల్లే మహాగని తోటలు మళ్ళీ మళ్ళీ విఫలమయ్యాయి. ఫిజీ దీవుల్లో మాత్రం వేల హెక్టార్ల మహాగని నిటారుగా పెరిగింది. అక్కడ ఈ పురుగు లేదు, అంతే కారణం. అక్కడి ఫోటో చూపించి ఇక్కడ మొక్కలు అమ్మితే అది ఫోటో తప్పు కాదు.

మామిడికి వద్దాం. చేయవలసిన పని అసలు తేలికే, సమయమే ముఖ్యం. తోట రాగిరంగుకు తిరిగినప్పటి నుంచి రెండు వారాలు, రెండు మూడు రోజులకోసారి చిన్న మొక్కల మధ్య నడవాలి. పొద్దున పూట నడవండి. పొద్దున్నే కూడా వాడి కనిపించే కొన అంటే ఎండకు వాడింది కాదు. దగ్గరికెళ్ళి కన్నం, తడి పెంట చూడాలి. ఉంటే వాడిన చోటి నుంచి జానెడు కిందికి కత్తిరించాలి. కోసిన ముఖం చూడండి. నడుమ నల్లటి చుక్కో కన్నమో ఉంటే సొరంగం ఇంకా కిందికి ఉందన్నమాట, మరో రెండంగుళాలు కోయాలి. తెల్లగా, నిండుగా కనిపించేదాకా కోయాలి. కోసిన ముక్కల్ని పాదులో పడేయకూడదు. పురుగు తీరిగ్గా బయటికొచ్చి ఆ మట్టిలోకే దిగుతుంది. సంచిలో వేసి, మూతి కట్టి, ఎండలో పడేసి తర్వాత కాల్చాలి.

మందు కొట్టాలనుకుంటే రాగిరంగు మీదే కొట్టాలి, గుడ్డు పగిలి పురుగు ఇంకా ఆకులో ఉన్న ఆ ఒకటి రెండు రోజుల కోసం. వంద లీటర్ల నీటికి ఐదు కిలోల వేపగింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి కొడితే చాలా తోటలకు సరిపోతుంది. వారం తర్వాత ఇంకోసారి కొట్టండి. పాత పుస్తకాలు తీసి చూస్తే ఈ పురుగుకు కార్బరిల్ అని రాసి ఉంటుంది. ఆ మందును 2018 ఆగస్టులో మన దేశంలో నిషేధించారు. పుస్తకం తాతగారిదైనా సరే, ఆ పేజీ వదిలేయండి. రసాయన మందే కావాలంటే దుకాణంలో కాకుండా మీ మండల ఉద్యాన అధికారిని అడగండి.

మామిడి ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల గురించి కూడా ఒక మాట. కాయ కోసేటప్పుడు ఒళ్ళంతా కుడతాయని కోతగాళ్ళు వాటిని తిట్టిపోస్తారు, గూళ్ళు తగలబెట్టిస్తారు. కోతగాళ్ళ బాధ నాకు తెలుసు. కానీ ఆ చీమలు కొన కొననా తిరిగి, దొరికిన పిల్ల పురుగునల్లా మోసుకుపోతాయి. చైనాలో పదిహేడు వందల ఏళ్ళ కిందటే నారింజ తోటలకు ఈ చీమల గూళ్ళను బజారులో కొని కట్టేవారని పాత గ్రంథాల్లో ఉంది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో మామిడి తోటల మీద పరిశోధన చేసి, చీమలున్న చెట్లకు పురుగుల బెడద తక్కువని చూపించారు. కాయ లేని చిన్న తోటలో వాటిని ఉండనివ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

ఇక ఇప్పటికే పొదలా మారిపోయిన మొక్క ఉంటే పీకేయకండి. తమిళ నెల ఐప్పసిలో పడే వానలకు ముందు, చిగురు లేని రోజుల్లో, అంటు అతుకు చూసుకుని దాని కింద నుంచి వచ్చిన ప్రతి పిలకనూ మొదలుకంటా తీసేయండి. పైన ఉన్న పుల్లల్లో బలమైనవి, వేర్వేరు దిక్కులకు తిరిగినవి, ఒకే ఎత్తున లేనివి మూడు ఎంచుకోండి. మిగతావి కోసి, గాయాలకు బోర్డో పేస్టు పూయండి. పాదు రెండంగుళాల లోతున తిరగదవ్వి, ప్యూపాలు ఎండకూ పిట్టలకూ బయటపడేలా మూడు నాలుగు రోజులు వదిలేయండి. యూరియా ఆ నెలలో వద్దు. వాన పడ్డాక ఆ మూడు కొనలూ రాగిరంగు వేస్తాయి. ఆ రెండు వారాలూ పొద్దున్నే అటువైపు వెళ్ళి, మూడు కొనలూ చూసి రండి.